సెట్టని తెలిస్తే ఓడిపోయినట్టే

సత్యజిత్ రాయ్ ‘అపరాజితో’ చూసినవాళ్లకి కాశీలో అపు వాళ్లుండే ఇల్లు గుర్తుండే ఉంటుంది. సందులోంచి లోపలికి అడుగు పెడితే మన పాత మండువా ఇళ్లలా మధ్యలో ఆకాశానికి తెరిచిన చోటు, చుట్టూ గదులు, మెట్లు. ఎండ ఎక్కడా సూటిగా పడదు. పైనుంచి జారి గోడల మీద మెత్తగా పరుచుకుంటుంది. హరిహర్ జబ్బు పడేది, సర్వజయ ఒంటరిగా మిగిలేది ఆ ఇంట్లోనే. గంగ ఒడ్డు, ఘాట్లు, పావురాలు అన్నీ కాశీలో తీసినవే. అందుకని ఆ ఇల్లు కూడా అక్కడిదే అనుకుంటాం.

కాదు. అది కలకత్తా స్టూడియోలో వేసిన సెట్.

దాన్ని కట్టినాయన పేరు బన్సీ చంద్రగుప్త. 1955లో వచ్చిన ‘పథేర్ పాంచాలి’ మొదలుకుని 1970 దాకా రాయ్ సినిమాల్లో కనిపించే ఇళ్లూ వాకిళ్లూ చాలావరకు ఆయన చేతి మీదుగా వచ్చినవే. రాయ్ గురించి మన పత్రికల్లో బోలెడంత రాశారు. రవిశంకర్ సితార్ గురించీ రాశారు. బన్సీ మాట ఎక్కడైనా వస్తే ఒక వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది.

కారణం ఊహించడం పెద్ద కష్టమేం కాదు. నటుడు బాగా చేస్తే చప్పట్లు కొడతాం. పాట బాగుంటే బయటికి వస్తూ కూనిరాగం తీస్తాం. బన్సీ లాంటి ఆర్ట్ డైరెక్టర్ బాగా పనిచేస్తే మాత్రం అక్కడ ఎవరో ఏదో చేశారన్న అనుమానమే మనకి రాదు. పని ఎంత బాగుంటే మనిషి అంత మరుగున పడిపోతాడు. ఇది తెలిసే ఆయన ఆ పనిలోకి దిగారా, దిగాక తెలుసుకున్నారా అని ఆయన తొలి పదేళ్ల కథ చదువుతున్నప్పుడల్లా నాకో సందేహం.

కుంచెతో వచ్చిన కుర్రాడు

బన్సీ 1924లో సియాల్‌కోట్‌లో పుట్టారు. ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది. పెరిగింది కశ్మీర్‌లో. ఆయనకి సినిమా పిచ్చి ఉందనీ, చిన్నప్పుడే తెర వెనక్కి తొంగి చూశారనీ చెప్పే కథలేం లేవు. ఆయన కావాలనుకున్నది పెయింటర్. బెంగాలీ చిత్రకారుడు శుభో టాగోర్ పరిచయంతో దారి మలుపు తిరిగింది. శుభో రవీంద్రుడి వంశంవారు. 1943లో కొత్త తరం చిత్రకారులు కొందరు కలిసి పెట్టుకున్న ‘కలకత్తా గ్రూప్’ స్థాపకుల్లో ఒకరు. బొమ్మలు వేయాలనుంటే కలకత్తా రావాలన్న ఆయన ప్రోత్సాహంతో, ఇరవై ఏళ్ల ప్రాయంలో బన్సీ ఆ మహానగరంలో దిగారు.

ఎలాంటి కలకత్తా అది! బెంగాల్ కరువు అప్పుడప్పుడే దాటుతోంది. యుద్ధం నడుస్తోంది. రెండేళ్లు తిరక్కుండానే 1946 అల్లర్లు. ఆ మర్నాడే అన్నట్టు దేశ విభజన. తను పుట్టిన ఊరు పరాయి దేశంలోకి వెళ్లిపోయింది. ఉంటున్న ఊళ్లో భాష తనది కాదు. బొమ్మలు అమ్ముకుని బతకడం అప్పుడైనా ఇప్పుడైనా ఎంతమందికి కుదురుతుంది? స్టూడియోల ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో గీతలు గీయగలిగిన కుర్రాళ్లకి పని దొరికేది. అలా దొరికిన పనిలోకి బన్సీ వచ్చారు.

ఆ పని ఎలా ఉండేదో కూడా చెప్పుకోవాలి. అప్పటి మన స్టూడియోల్లో సెట్టంటే ఎక్కువగా చెక్క చట్రాలు, వాటి మీద బిగించిన గుడ్డ, దానిమీద రంగు. కిటికీలోంచి కనిపించే కొబ్బరిచెట్టు బొమ్మే. దూరంగా కొండ బొమ్మే. ధనవంతుడి ఇల్లంటే ఓ వంపు మెట్ల వరస. పేదవాడి ఇల్లంటే శుభ్రంగా, కొత్తగా, పావుగంట కిందటే ముగించినట్టుండే గుడిసె! నాటకాల తెర నుంచి వచ్చిన అలవాటది. నాటకంలో ప్రేక్షకుడు ఇరవై అడుగుల దూరంలో ఉంటాడు కాబట్టి చెల్లిపోతుంది. కెమెరా గోడకి రెండడుగుల దగ్గరికి వచ్చేసరికి బండారం బయటపడుతుంది.

కాఫీ కబుర్లు, కాలిపోని కల

1947లో కలకత్తా ఫిల్మ్ సొసైటీ మొదలైంది. సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తాలతో పాటు దాని తొలి సభ్యుల్లో బన్సీ ఒకరు. రాయ్ అప్పటికి డి.జె.కీమర్ అనే ప్రకటనల కంపెనీలో ఆర్టిస్టు. పుస్తకాలకి ముఖచిత్రాలు, లోపలి బొమ్మలు వేసేవారు. ‘పథేర్ పాంచాలి’ నవలకి పిల్లల కోసం వేసిన సంక్షిప్త ప్రతికి బొమ్మలు వేసింది ఆయనే. ఆ బొమ్మలు వేస్తుండగానే ఇది సినిమాగా బాగుంటుందన్న ఆలోచన పుట్టింది. సొసైటీ తొలి ప్రదర్శన ఐసెన్‌స్టీన్ ‘బాటిల్‌షిప్ పొటెంకిన్’.

ఇద్దరూ బొమ్మలేసేవాళ్లు కావడం ఇక్కడ ముఖ్యమైన విషయం అనిపిస్తుంది నాకు. రాయ్‌కి ఒక గది ఎలా ఉండాలో మాటల్లో చెప్పాల్సిన పనిలేదు, గీసి ఇవ్వగలరు. బన్సీకి ఆ గీతని చూసి కొలతలు రాసుకోగల చెయ్యి ఉంది. ఎదుటివాడి గీత చదవడం వచ్చిన ఇద్దరు మనుషులు ఒక సినిమాకి కుదరడం మామూలుగా జరిగేది కాదు.

వాళ్లు కలిసి మొదట తీద్దామనుకున్నది ‘పథేర్ పాంచాలి’ కాదు. రవీంద్రుడి ‘ఘరే బాయిరే’. హరిసాధన్ దాస్‌గుప్తా దర్శకుడు, రాయ్ స్క్రీన్‌ప్లే, బన్సీ కళ. నిర్మాత వచ్చాడు, స్క్రిప్టులో మార్పులడిగాడు, రాయ్ ఒప్పుకోలేదు, ప్రయత్నం ఆగిపోయింది. కొన్నేళ్ల తర్వాత ఆ స్క్రిప్టు మళ్లీ చదువుకుని, అప్పుడు తీయకపోవడమే మంచిదైందని రాయ్ అనుకున్నారట. కానీ ఆ వయసులో, ఆ జేబులతో, చేతికందిన సినిమా జారిపోతే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా. ‘ఘరే బాయిరే’ని మాత్రం గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

ఫ్రాన్స్ నుంచి వచ్చిన పాఠం

1949లో ఫ్రెంచి దర్శకుడు జాన్ రెన్వార్ కలకత్తా వచ్చారు. రూమర్ గాడెన్ నవల ‘ది రివర్’ని సినిమా తీయడానికి. జనపనార మిల్లు నడిపే ఇంగ్లీషు కుటుంబం, పక్కన పారే నది, పెద్దవుతున్న ఆడపిల్లలు. హుగ్లీ ఒడ్డున బరాక్‌పూర్ ప్రాంతంలో, టెక్నికలర్‌లో షూటింగ్. మన దేశంలో టెక్నికలర్ అనే మాటే అప్పటికి కొత్త.

లొకేషన్లు వెదకడానికి రెన్వార్‌తో రాయ్ తిరిగారు. సినిమాలో ఎక్కువ వస్తువులు చూపించక్కర్లేదు, చూపించేవి మాత్రం సరైనవై ఉండాలని రెన్వార్ ఆయనతో అన్నారు. ఈ మాట రాయ్ చాలాసార్లు తలుచుకున్నారు. కీమర్ ఉద్యోగం, లండన్ ప్రయాణం మధ్యలో ఉండటంతో షూటింగ్‌లో ఉండే వీలు ఆయనకి దక్కలేదు. బన్సీకి దక్కింది. కళా దర్శకుడు యూజీన్ లూరీ దగ్గర సహాయకుడిగా చేరారు.

లూరీ అంటే ఎవరు? రష్యన్ సామ్రాజ్యంలో పుట్టి ఫ్రాన్స్‌లో స్థిరపడినాయన. రెన్వార్ తీసిన ‘లా గ్రాండ్ ఇల్యూజన్’ (1937), ‘రూల్స్ ఆఫ్ ది గేమ్’ (1939) సెట్లు ఆయనవే. తర్వాత చాప్లిన్ ‘లైమ్‌లైట్’కి కూడా పనిచేశారు. ఇరవై అయిదేళ్ల కుర్రాడికి ఇంతకన్నా పెద్ద బడి ఏముంటుంది? అది కూడా మన ఊరి నది ఒడ్డునే, జీతం ఇచ్చి మరీ నేర్పే బడి.

లూరీ దగ్గర బన్సీ రోజువారీ ఏం నేర్చుకున్నారో పాఠాల పట్టిక మన దగ్గర లేదు. తర్వాత చేసిన పని చూస్తే మాత్రం తెలుస్తుంది. మొదటిది, సెట్ అనేది వెనక నిలబెట్టే బొమ్మ కాదు, మనిషి తిరిగే చోటు. రెండోది, ఆ చోటు నిజమైన ఇంటి పక్కన పెట్టినా తేడా తెలియకూడదు. ‘ది రివర్’లో నిజమైన నది ఉంది, నిజమైన చెట్లున్నాయి. వాటి పక్కన బొమ్మ గోడ నిలబెడితే పరువు పోతుంది. స్టూడియో ఫ్లోర్ మీద చెల్లిపోయే అబద్ధం ఆరుబయట చెల్లదు.

ఆ షూటింగ్ చుట్టూ తిరిగిన ఇంకో కుర్రాడు సుబ్రత మిత్ర. ఉద్యోగం ఇవ్వకపోతే రోజూ వచ్చి చూస్తూ, లైట్లు ఎక్కడ పెట్టారో రాసుకుంటూ కూర్చున్నాడు. మూడేళ్ల తర్వాత రాయ్ కెమెరామన్ అతనే. అంతకుముందు సినిమా కెమెరా పట్టి ఎరగడు!

బోరాల్ ఇల్లు

‘పథేర్ పాంచాలి’ మొదటి షాట్ 1952 అక్టోబర్‌లో తీశారు. రెల్లుపూల మధ్యలోంచి అపు, దుర్గ పరిగెత్తుకుంటూ వెళ్లి రైలును చూసే దృశ్యం. అందరికీ ఉద్యోగాలున్నాయి కాబట్టి ఆదివారాల్లోనే షూటింగ్. మొదటి ఆదివారం కొంత తీసి, తర్వాతి ఆదివారం వెళ్లి చూస్తే పూలు లేవు. పశువులు మేసేశాయి. మళ్లీ పూత కోసం ఏడాది ఆగారు. ఈ కథ అందరూ చెబుతారు, సరదాగా ఉంటుంది కాబట్టి. ఇల్లు కథ ఎవరూ చెప్పరు.

కలకత్తాకి దక్షిణంగా కొద్ది మైళ్లలో బోరాల్ అనే ఊళ్లో పాడుబడిన ఇల్లొకటి దొరికింది. యజమాని మంచాన పడ్డ పెద్దాయన. నెలకి 50 రూపాయల అద్దె. పాడుబడిన ఇల్లే కావాలి, అదే దొరికింది, ఇంకేం పని అనుకుంటాం. అసలు పని అక్కడే మొదలైంది. నిజంగా పాడైన ఇల్లు కథకి పనికొచ్చేలా పాడై ఉండదు. గోడ కూలాల్సిన చోట కూలదు. సర్వజయ వంట చేసుకునే చోటు, ముసలి ఇందిర్ ఠాక్రున్ తలదాచుకునే మూల, వీధిలోంచి కనిపించే గుమ్మం, అన్నీ కథ అడిగే వరసలో ఉండాలి. అందుకని బన్సీ ఆ ఇంటిని ముందు బాగు చేయించాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆ బాగుచేసిన ఆనవాలు కనిపించకుండా మళ్లీ పాతబరచాల్సి వచ్చింది. ఊళ్లోవాళ్లు ఏమనుకుని ఉంటారో!

ఒకసారి మీ వంటింటి గోడ చూడండి. పొయ్యి వెనక మసి. దేవుడి గూట్లో నూనె జిడ్డు. గుమ్మం పక్కన చెయ్యి ఆనించే ఎత్తులో నల్లటి మరక, అది పిల్లలున్న ఇంట్లో ఇంకాస్త కిందగా ఉంటుంది. చెమ్మ ఎక్కినచోట పెచ్చులూడిన సున్నం. నిరుటి క్యాలెండర్ తీసేసినచోట తెల్లగా మిగిలిన నలుచదరం. వీటిలో ఒక్కటీ ఎవరూ కావాలని చేసింది కాదు, ఇరవై ఏళ్ల కాపురం చేసింది. సెట్టు మీద ఆ ఇరవై ఏళ్లనీ నాలుగు రోజుల్లో తేవాలి. రంగు వేయడం పెద్ద విద్య కాదు, వేసిన రంగుని ఎక్కడ గీకాలో, ఎక్కడ తడపాలో, ఎక్కడ ముట్టుకోకూడదో తెలియడం విద్య. ఆ ఇంట్లో ఎవరుండేవారు, ఎవరు ఎక్కడ కూర్చునేవారు అన్నది తెలిస్తే తప్ప మరక ఎక్కడ పడుతుందో తెలియదు. అంటే కథ చదవాలి, నటుడు చదివినంత శ్రద్ధగా.

పగటి దృశ్యాలు బోరాల్‌లో తీశారు. రాత్రిపూట లోపలి దృశ్యాలు అక్కడ తీయడానికి వీల్లేకపోయింది. అవి కలకత్తా స్టూడియోలో సెట్ వేసి తీశారు. దుర్గ జ్వరంతో పడి ఉండగా గాలివాన తలుపుల్ని బాదే రాత్రి గుర్తుందా? ఆ తలుపులు, ఆ గూడు, ఊగే ఆ గుడ్డ స్టూడియోవే. మర్నాడు పొద్దున్న కూలిన వాకిలి బోరాల్‌ది. రెండింటికీ మధ్య ఒక్క రాత్రి గడిచినట్టే ఉంటుంది మనకి. ఆ రాత్రి మధ్యలో ఊరు మారింది, గోడలు మారాయి. మనం తల తిప్పం.

ఇదంతా డబ్బుండి చేసింది కాదు. రాయ్ తన ఇన్సూరెన్స్ పాలసీ, గ్రామఫోన్ రికార్డులు అమ్ముకున్నారు. భార్య విజయ నగలు కుదువకి వెళ్లాయి. షూటింగ్ నెలల తరబడి ఆగింది. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బివ్వడంతో పూర్తయింది. మొదలెట్టిన దగ్గర్నుంచి రెండున్నరేళ్లకి పైనే పట్టింది. ఆ జట్టులో చాలామందికి అదే తొలి సినిమా. సినిమా పని ముందే తెలిసిన కొద్దిమందిలో బన్సీ ఒకరు. అంటే మిగతావాళ్లలా ‘తెలియక’ ఇందులో చిక్కుకోలేదు. ఆగిపోయిన సినిమా అంటే ఏమిటో, ఆగిన సినిమా మళ్లీ లేవడం ఎంత అరుదో స్టూడియోలో పనిచేసినవాడికి బాగా తెలుసు. తెలిసీ ఉండిపోయారు.

ఆ రెండున్నరేళ్లలో మూడు అద్భుతాలు జరిగాయని రాయ్ చెప్పేవారు. అపు గొంతు మారలేదు, దుర్గ ఎదగలేదు, ఎనభయ్యేళ్ల చునీబాల దేవి చనిపోలేదు. నాలుగోది నేను చేరుస్తాను. ఇల్లు చెదరలేదు. వానలకి తడుస్తూ, ఎండలకి పగులుతూ ఉండే ఇంటిని నెలల తేడాతో వెళ్లినప్పుడల్లా కథలో ఆగిన రోజుకి తెచ్చి నిలబెట్టాలి కదా. మొదటిది ప్రకృతి దయ. నాలుగోది మనిషి పని. సినిమా చివర్లో వాళ్లు ఊరు వదిలి వెళ్లాక ఖాళీ ఇంట్లోకి పాము పాకుతుంది. అప్పుడు మన మనసు కలుక్కుమనేది ఎందుకంటే, అప్పటికి ఆ ఇల్లు మనకి ఒక మనిషిలా అలవాటైపోయి ఉంటుంది.

గుడ్డ ఆకాశం

‘పథేర్ పాంచాలి’ 1955 ఆగస్టులో కలకత్తాలో విడుదలైంది. మర్నాటి ఏడాది కాన్స్‌లో బహుమతి. వెంటనే ‘అపరాజితో’. మొదట్లో చెప్పిన కాశీ ఇంటికి ఇప్పుడు వద్దాం.

బన్సీ ముందు అనుకున్నది ఆ ఇంటి లోపలి భాగాన్ని ఆరుబయట కట్టాలని. పైన నిజమైన ఆకాశం ఉంటుంది, వెలుగు దానంతటదే సరిపోతుంది. కానీ వానాకాలం ముంచుకొస్తోంది. కట్టింది తడిసి కూలితే మళ్లీ కట్టడానికి డబ్బెక్కడిది? అందుకని స్టూడియో లోపలే కడదామని నిర్ణయించారు. సుబ్రత మిత్ర ఒప్పుకోలేదు. వాదించారు. కాశీ ఇళ్లలో వెలుగు పైనుంచి మాత్రమే వస్తుంది, దానికి నీడ ఉండదు. స్టూడియో లైట్లు వేస్తే ఒక్కొక్క మనిషికి మూడేసి నీడలు. సెట్ ఎంత బాగా కట్టినా వెలుగు దాన్ని పట్టిచ్చేస్తుందని ఆయన భయం. న్యాయమైన భయమే.

రాయ్, బన్సీ వెనక్కి తగ్గలేదు. వేరే దారి లేదు మరి. అప్పుడు మిత్ర ఏం చేశారంటే, సెట్ నడిమధ్య ఆకాశం ఉండాల్సిన చోట ఒక పెద్ద తెల్లగుడ్డ చట్రానికి బిగించి కట్టించారు. లైట్లని కిందనుంచి ఆ గుడ్డ మీదకి కొట్టారు. గుడ్డ మీద పడి తిరిగొచ్చిన వెలుగు అచ్చం మబ్బు పట్టిన ఆకాశం వెలుగులా దిగింది. దాన్నే ‘బౌన్స్ లైటింగ్’ అంటాం. ఈరోజు పెళ్లి ఫొటోలు తీసే కుర్రాడు కూడా థర్మోకోల్ అట్ట పట్టించి చేసేది ఆ జాతి పనే. స్టూడియోలో కట్టాలని బన్సీ పట్టుబట్టడం వల్లే తన చేతికి ఆ పనిముట్టు వచ్చిందని మిత్ర తర్వాత ఒప్పుకున్నారు.

చరిత్రలో ఇది కెమెరామన్ ఘనతగా నమోదైంది. అది న్యాయమే. కాకపోతే ఒక్కమాట. ఆ వెలుగు పడిన గోడలు ఆ వెలుగుకి తట్టుకున్నాయి. మెత్తటి వెలుగు అన్నిటినీ చూపిస్తుంది, దాచుకోవడానికి నీడ మిగల్చదు. గుడ్డ మీద రంగు వేసిన గోడ అయితే మొదటి షాట్‌లోనే దొరికిపోయేది. 1993లో లండన్ ల్యాబ్ అగ్నిప్రమాదంలో దెబ్బతిన్న ఈ మూడు సినిమాల నెగటివ్‌లను ఎంతో కష్టపడి బాగుచేసి 2015లో కొత్త ప్రింట్లు తెచ్చారు. గీతలు, మరకలు తుడిచేసి, బొమ్మని అద్దంలా చేశారు. అంత స్పష్టంగా చూసినా కాశీ ఇంట్లో అతుకు ఎక్కడుందో నాకు దొరకలేదు. మీకు దొరికితే చెప్పండి.

ఇక్కడ మన మద్రాసు సంగతి గుర్తురాక మానదు. ‘అపరాజితో’ వచ్చిన అయిదారు నెలలకే, 1957 మార్చిలో ‘మాయాబజార్’ వచ్చింది. కళ గోఖలే, కళాధర్. గోఖలే కూడా బొమ్మల నుంచే వచ్చినవారు, పైగా మంచి కథకుడు. వాళ్లు కట్టిన మయసభ లాంటి నగరాన్ని చూసి మనం ‘ఎంత బాగా కట్టారో’ అనుకోవాలి. అది మాయ అని తెలిసే మురిసిపోతాం. బన్సీ దారి దీనికి సరిగ్గా ఎదురు. ఏది గొప్పదన్న పంచాయితీ వద్దు. రెండూ కావాలి. కానీ గోఖలే, కళాధర్ల పనికి కనీసం కళ్లు చెదురుతాయి కాబట్టి పేరు అడుగుతాం. బన్సీ పనికి కళ్లు చెదరకూడదు. చెదిరితే ఆయన ఓడిపోయినట్టు.

నిమ్‌తితా నుంచి కలకత్తాకి ఒక తలుపు

1958లో వచ్చిన ‘జల్సాఘర్’తో బన్సీ తొలి దశ ఒక మెట్టు ఎక్కింది. తారాశంకర్ బందోపాధ్యాయ కథ. ఆస్తి కరిగిపోతున్నా సంగీత కచేరీలు మానలేని జమీందారు. ఇంతకుముందు రెండు సినిమాల్లో పేదరికం కట్టిన చేతులు ఇప్పుడు చితికిన వైభవం కట్టాలి. ఇది ఇంకా కష్టం. పేద గోడకి మరక ఒకటే వయసు. జమీందారు హాల్లో ఖరీదు, దుమ్ము రెండూ ఒకేసారి కనిపించాలి.

భవనం కోసం వెదికీ వెదికీ విసిగిపోయారు. ముప్ఫై దాకా చూసి వద్దనుకున్నారు. చివరికి లాల్‌గోలాలో టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన, ముర్షిదాబాద్ జిల్లాలో పద్మానది ఒడ్డున నిమ్‌తితా అని ఒక భవనం ఉంది, చూడమన్నాడు. వెళ్లి చూస్తే అదే. ముందు నది, నది మింగేసిన పొలాలు, స్తంభాల వరస. రాయ్ ఆ సంగతి రచయిత తారాశంకర్‌కి చెప్పారు. ఆయన ఆ భవనం చూడలేదు, కానీ ఆ నిమ్‌తితా జమీందారు గురించి చదివే తన కథలో పాత్రని అల్లుకున్నారట! ఇలాంటివి కథల్లో రాస్తే నమ్మం.

అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. సినిమా పేరే ‘సంగీత మందిరం’. నిమ్‌తితాలో ఉన్న సంగీతపు గది సరిపోదు. కెమెరా వెనక్కి జరగడానికి చోటు లేదు, పేరుకి తగ్గ దర్జా లేదు. బన్సీ ఆ హాలుని కలకత్తా స్టూడియోలో కట్టారు. పైన పెద్ద షాండ్లియర్, గోడకి నిలువెత్తు అద్దం, పూర్వీకుల పటాలు. ఛవి విశ్వాస్ వరండాలో నడిచి గుమ్మం దాటి హాల్లోకి వస్తారు. వరండా నిమ్‌తితాది. హాలు కలకత్తాది. ఆ గుమ్మం దాటడానికి ఆయనకి ఒక్క అడుగు, రైలుకైతే రెండొందల కిలోమీటర్లకి పైన.

అద్దం సంగతి కూడా చెప్పాలి. నిలువెత్తు అద్దం ఉన్న సెట్‌లో షూటింగ్ అంటే యూనిట్‌కి నరకం. కెమెరా కనపడుతుంది, లైట్లు కనపడతాయి, లేని నాలుగో గోడ కూడా కనపడుతుంది. అది తీసేస్తే అందరికీ సుఖం. కానీ జమీందారు తన ముసలితనాన్ని చూసుకునేది ఆ అద్దంలోనే. కాబట్టి అది ఉండాలి, దాని ఎదురుగోడ కూడా కట్టాలి. తెరమీద క్షణం కనిపించే గోడ కోసం ఎన్ని రోజుల పని!

తర్వాత

తర్వాతి సినిమాలు మీకు తెలిసినవే. ‘చారులత’ (1964)లో పందొమ్మిదో శతాబ్దపు కలకత్తా ఇల్లు, గోడలకి అంటించిన పూల కాగితంతో సహా, సెట్టే. చారు బైనాక్యులర్స్ పట్టుకుని కిటికీ కిటికీకి పరుగెత్తే ఆ వరండా ఏ వీధిలోనూ లేదు. ‘నాయక్’ (1966)లో రైలుబండి కూడా అంతే. మృణాల్ సేన్ ‘బాయిషే శ్రావణ్’ లాంటివి వేరే. 1970ల్లో బన్సీ బొంబాయి వెళ్లారు. బెంగాలీ సినిమా ఇచ్చే డబ్బుతో ఎవరికైనా ఎన్నేళ్లు గడుస్తుంది! అక్కడ ‘సీమా’, ‘దో ఝూట్’, ‘చక్ర’ సినిమాలకి ఫిల్మ్‌ఫేర్ అవార్డులు వచ్చాయి. రాయ్ ‘శత్రంజ్ కే ఖిలాడీ’ (1977)కి మళ్లీ కలిశారు. ‘ఉమ్రావ్ జాన్’ లక్నో వైభవంలో ఆయన చెయ్యి ఉంది.

1981 జూన్‌లో న్యూయార్క్ రాష్ట్రంలో ఉండగా గుండెపోటుతో పోయారు. యాభై ఏడేళ్లు. ‘చక్ర’ అవార్డు ఆ తర్వాత ప్రకటించారు.

ముప్ఫై ఏళ్లకి పైగా పక్కన పడి ఉన్న ‘ఘరే బాయిరే’ని రాయ్ చివరికి తీశారు, కొత్తగా రాసుకున్న స్క్రిప్టుతో. 1984లో విడుదలైంది. విమల అంతఃపురం నుంచి బయటి హాల్లోకి నడిచొచ్చే ఆ రంగు అద్దాల వసారా అశోక్ బోస్ కట్టారు.